పాత నంబరు కింద ఉన్నవాళ్లు

పోయిన నెల ఒక మధ్యాహ్నం, భోజనం చేసి నడుం వాల్చబోతున్న వేళ, సౌకార్‌పేట నుంచి ఒక పంతులమ్మ ఫోన్ చేసింది. ఓటర్ల జాబితా సవరణ కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నానని, మా పాత ఇంటి నంబరు కింద ఏడు పేర్లున్నాయని, వెళ్లి చూస్తే అక్కడ కాపురాలేవీ లేక నాలుగు అంతస్తుల నిండా స్టీలు సామాన్ల దుకాణం ఉందని, ఆ దుకాణదారుడే నా ఫోన్ నంబరు ఇచ్చాడని చెప్పింది. జాబితాలోని ఆ పేజీని ఫోటో తీసి పంపుతానని, ఆదివారం తాను బడిలో కూర్చుంటుంది గనుక వచ్చి ఎవరున్నారో ఎవరు లేరో చెప్పి సంతకం పెట్టి వెళ్లమని మర్యాదగానే అడిగింది.

ఫోటో వచ్చింది. మా నాయన, అమ్మ, మేనత్త, ఇద్దరు చిన్నాయనలు, నేను, నా భార్య. మొదటి ఐదుగురూ ఎప్పుడో కాలం చేశారు. వాళ్ల పేర్ల పక్కన ఫోటో ఉండవలసిన గడి ఖాళీగా ఉంది. మనుషులు పోయినా వయసులు మాత్రం ప్రతి సవరణకూ పెరుగుతూ వచ్చి, మా మేనత్తకు మరి నాలుగేళ్లయితే నూరు నిండేలా ఉంది.

ఆ రోజు మొదలు నాకు కుదురు లేదు. మేము అదే నగరానికి ఉత్తరపు చివరనున్న తిరువొత్తియూరులో ఒక అద్దె పోర్షన్‌లో ముప్ఫై ఏళ్లుగా ఉంటున్నాం. ఉన్న రెండు గదుల్లోనే ఈ గోడ నుంచి ఆ గోడకు నడవడం, ఫోన్ తీసి ఆ పేజీ చూడడం, మళ్లీ మూసి సముద్రం వైపు వెళ్లి పది నిమిషాల్లో తిరిగి రావడం, ఇదే పని. మూడోనాడు నా భార్య గమనించి, “ఆ ఫోన్ చుట్టూ ప్రదక్షిణాలు చేస్తా ఉండారే, దానికేమన్నా మొక్కుకున్నారా?” అంది. సంగతి చెబితే నవ్వింది. “మన వీధి చివర బడి పెట్టుకొని, ఓటు వేసేదానికి రైలెక్కి సౌకార్‌పేట పోయేది ఈ ఊళ్లో మనమిద్దరమే. చచ్చినోళ్లతో పాటు మన పేర్లు కూడా కొట్టించి రండి, నా మోకాళ్లకైనా పుణ్యం.”

అదే నన్ను నిలవనీయని మాట. ప్రతి ఎన్నికకూ గంజి పెట్టిన పంచె కట్టుకొని, ఆమెను వెంటబెట్టుకొని, మేము ఉండని ఇంటి తరఫున ఓటు వేసి వచ్చేవాణ్ని. అది తప్పని నాకెన్నడూ తోచలేదనలేను. తోచినప్పుడల్లా తల ఇంకాస్త ఎత్తి నడిచేవాణ్ని.

నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో జాబితా అచ్చేసి బడి గోడకు అంటించేవారు. జనం గుమిగూడి వేలితో వెతుక్కునేవారు. మేము వెతుక్కోవలసిన పని లేదు. మా వీధిలో చాలా ఇళ్లకు నాలుగైదు పేర్లుంటే మా నంబరు కింద ఇరవై మూడు ఉండేవి. మిరపకాయల గోదాములు మూడు, తాతగారి ముగ్గురు కొడుకులు, వాళ్ల సంసారాలు, మా ఇంట్లోనే ఉండి లెక్కలు చూసే బంధువులు, అందరూ ఒకే కప్పు కింద. ఇరవై మూడు ఓట్ల ఇల్లు కాబట్టి పోటీ చేసే ప్రతివాడూ చెప్పులు వీధిలో విడిచి మా మెట్లెక్కేవాడు. తాతగారు కూర్చున్న చోటి నుంచి లేవకుండానే వాళ్ల దండలు పుచ్చుకొని పక్కన పెట్టేవారు. తరువాత కార్పొరేషన్‌వాళ్లు ఊరంతటికీ కొత్త నంబర్లు వేసి, ప్రతి గుమ్మానికీ పాతదొకటి కొత్తదొకటి తగిలించి పోయారు. అయినా పోస్టుమ్యాన్ మొదలు పాలవాడి దాకా మమ్మల్ని పాత నంబరుతోనే పిలిచేవారు. మేమూ అదే మా పేరన్నట్టు పలికేవాళ్లం.

తాతగారి తరువాత ఆస్తి పంపకాలయ్యాయి. చిన్నాయనలు నెల్లూరు వెళ్లిపోయారు. లెక్కలు చూసే బంధువులు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. మేనత్త కామెర్లతో పోయింది. ఒక్క గోదాము మిగిలితే దాన్నీ, అందులో పనిచేసేవాళ్లతో సహా, మరో మిరపకాయల వ్యాపారికి అద్దెకిచ్చాము. నేను పక్క వీధిలోని దుకాణంలో గుమాస్తాగా చేరాను, మా వంశంలో మరొకరి గద్దె ముందు నిలబడిన మొదటివాణ్ని. అంత పెద్ద ఇంట్లో మిగిలింది ముగ్గురం, నాయన, అమ్మ, నేను.

ఆ ఏడు జాబితా సవరించడానికి ఒక ఉద్యోగి వచ్చాడు. ఇరవై మూడు పేర్లు వరుసగా చదివి, వీళ్లంతా ఇక్కడే ఉన్నారా అని అడిగాడు. లోపల గదులన్నీ తాళాలు వేసి ఉన్నాయి, నట్టింట్లో పావురాలు తిరుగుతున్నాయి. నాయన కళ్లజోడు సవరించుకొని, “అందరూ ఉండారు, రాసుకో” అన్నారు. ఆ ఉద్యోగి ఒకసారి ఇంట్లోకి, ఒకసారి నాయన మొహంలోకి చూసి, రాసుకుపోయాడు.

అది విని మరునాడు ఒకామె వచ్చింది. మా గోదాములో మిరపకాయల తొడిమలు తీసే మనిషి, వ్యాసర్పాడి రైల్వే యార్డు పక్క గుడిసెల నుంచి ఇరవై ఏళ్లుగా నడిచి వచ్చి పనిచేసేది. మేనత్త మంచాన పడ్డప్పుడు సేవ చేసింది కూడా ఆమే. వాళ్ల గుడిసెలకు నంబర్లు లేవు, నంబరు లేనిచోట పేర్లు రాసుకోవడం కుదరదన్నారట. గడప బయటే నిలబడి, “మీ ఇంటి నంబరు కింద నా పేరు కూడా రాపించండయ్యా, పగలంతా ఈడనే కదా పడుంటాను” అని అడిగింది. నాయన కోపపడలేదు. “ఇది సత్రం కాదమ్మా” అని మాత్రం అన్నారు. ఆమె తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి మొహం తుడుచుకొని వెళ్లిపోయింది. నేను అక్కడే ఉన్నాను. నాయన మాటలో నాకప్పుడు తప్పేమీ కనబడలేదు. మా జాబితాలో మావాళ్లే ఉండాలి గదా అనుకున్నాను.

ఎన్నికల నాడు నన్ను ఒక అభ్యర్థి తరఫున బూత్‌లో ఏజెంటుగా కూర్చోబెట్టారు. వీధిలో ప్రతి మొహమూ తెలిసినవాడు కావాలని అడిగితే నాయన నన్ను పంపారు. ఏజెంటు పనేమిటో ఇప్పటివాళ్లకు తెలియదేమో. లోపల ఒక బెంచీ మీద జాబితా ముందు పెట్టుకొని కూర్చోవాలి, అధికారి పేరు చదవగానే మన కాగితం మీద గీత కొట్టాలి, వచ్చినవాడు ఆ పేరుగల మనిషి కాకపోతే లేచి అభ్యంతరం చెప్పాలి. అంతే. ఉదయమంతా ఉత్సాహంగానే గడిచింది, ఒక దొంగ ఓటరును పట్టుకొని వెనక్కి కూడా పంపించాను.

పదకొండు గంటల వేళ అధికారి మా మేనత్త పేరు చదివాడు. తలెత్తి చూస్తే బల్ల ముందు మిరపకాయలామె, బయట పార్టీవాళ్లు రాసిచ్చే చీటీ చేతిలో పట్టుకొని నిలబడి ఉంది. స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకొని వచ్చింది. నన్ను చూసింది, చూపు తిప్పుకోలేదు.

లేవాలి. లేచి, ఈమె ఆమె కాదు, ఆ పేరుగల మనిషి చనిపోయింది అని చెప్పాలి. చెబితే, మరి చనిపోయినామె పేరు జాబితాలో ఎలా ఉందని అడుగుతారు. అందరూ ఉన్నారని చెప్పి రాయించింది మా నాయన. పక్క బెంచీల మీద వీధివాళ్లే ఉన్నారు, వాళ్లందరికీ మా ఇల్లు ఖాళీ అయిన సంగతి తెలుసు, తెలియనట్టు ఉంటున్నారంతే. వాళ్ల ముందు ఆ మాట నా నోటితో రావాలి. తల వంచుకొని మేనత్త పేరు మీద గీత కొట్టాను. ఆమె వేలికి సిరా పెట్టించుకొని, ఓటు వేసి, కొంగు సర్దుకొని వెళ్లిపోయింది.

ఆ ఒక్కదానితో ఆగుతుందనుకున్నాను. నేను లేవలేదన్న సంగతి బయటికి పాకినట్టుంది, మధ్యాహ్నం నుంచి ముక్కూ మొహమూ తెలియనివాళ్లు మా చిన్నాయనల పేర్లతో, పిన్నమ్మల పేర్లతో, చివరికి తాతగారి పేరుతో కూడా వచ్చారు. తాతగారిగా వచ్చినవాడికి మీసమైనా నెరవలేదు. మొదటిసారి లేవనివాణ్ని మిగతావాటికి ఏ మొహంతో లేస్తాను? అవతలి పక్షం ఏజెంటు నా వైపు చూసి చిన్నగా నవ్వి, తనూ గీత కొట్టుకున్నాడు. పోలింగు ముగిసేసరికి మా నంబరు కింద ఇరవై మూడూ గీతలు పడ్డాయి. మా ఇల్లు నిండుగా ఉన్న రోజుల్లో కూడా ఎవరో ఒకరికి జ్వరమనో ప్రయాణమనో ఒకటి రెండు తగ్గేవి.

సాయంత్రం నాయన మెట్ల మీద కూర్చొని ఉన్నారు. మన ఇంటి ఓట్లు ఎన్ని పడ్డాయని అడిగారు. అన్నీ పడ్డాయన్నాను. ఎవరెవరు వచ్చినారని అడిగారు. నేను వరుసగా పేర్లు చెప్పాను, తాతగారితో సహా. ఇంటికి వచ్చి పలకరించకుండా పోయిన చుట్టాల గురించి వింటున్నట్టు విన్నారు. తరువాత లేచి లోపలికి వెళ్లి, తాళం వేసి ఉన్న గదుల్లో ఒకదాన్ని తెరిచి, ఊరికే నిలబడి, మళ్లీ మూశారు. ఆ పూట భోజనానికి రాలేదు. మళ్లీ సవరణ వచ్చినప్పుడు మాత్రం, అందరూ ఉండారు, అదే జవాబు.

ఆ ఎన్నికలయ్యాక మిరపకాయలామెను గోదాము దగ్గర చూశాను. అడగాలని వెళ్లాను, తానే మొదలుపెట్టింది. “మీరు లేచి అరిచుంటే తిరిగి పోయుందును చిన్నయ్యా. తల దించుకున్నారు, వేసేసినా.” చేతిలో పని ఆపలేదు, తొడిమలు టకటకా తుంచి పడేస్తూనే ఉంది. “మీ అత్తమ్మ తలకి చివరి దాకా నూనె పెట్టింది నేను. ఆమె ఓటు ఎవరో దారినపోయేవాడు వేస్తే మీకు సమ్మతం, నేను వేస్తే తప్పా?” మిరపకాయల ఘాటుకు తుమ్ములు ముంచుకొచ్చి నేను బయటికి వచ్చేశాను.

నాకు పెళ్లయి నా భార్య పేరు కూడా ఆ నంబరు కింద చేరింది. ఆ తరువాత ఇల్లు అమ్ముడుపోయింది, నాయన పోయారు, అమ్మ పోయింది. జాబితా సవరించేవాళ్లు అప్పుడప్పుడు కొన్ని పేర్లు తీసేస్తూ వచ్చారు, అన్నీ తీయలేదు. నేనూ వెళ్లి తీయించలేదు. టీవీలో దొంగ ఓట్ల గురించి పెద్దపెద్దవాళ్లు అరుచుకుంటుంటే ఛానల్ మార్చేసేవాణ్ని.

ఆదివారం వెళ్లాను. అదే బడి, అదే గదేమో కూడా, బెంచీలు మాత్రం ఇనుపవి. పంతులమ్మ మనవాళ్ల పిల్లే, తమిళంలో మొదలుపెట్టి నా మొహం చూసి తెలుగులోకి వచ్చింది. “ఆ పాత నంబర్లో ఇప్పుడు మీవాళ్లు ఎవరన్నా ఉండారా సార్?”

నోరు తెరిచాను. నాయన మాటే ముందు నాలుక మీదికి వచ్చింది. దాన్ని వెనక్కి నెట్టి, “ఎవరూ లేరమ్మా” అన్నాను.

ఆమె ఒక్కో పేరూ చదువుతూ, చనిపోయారా, మారిపోయారా అని అడుగుతూ రాసుకుంది. మేనత్త పేరు దగ్గర నేను ఆగాను. ఈమె ఓటు వేరే ఒకామె వేసింది, నేను చూస్తూ కూర్చున్నాను అని చెప్పాలనిపించింది. చెప్పాను కూడా. పంతులమ్మ కలం ఆపి, “దానికి ఈ ఫారంలో కాలమ్ లేదు సార్” అంది. ఎగతాళి కాదు, నిజంగానే ఆ కాగితంలో చోటు వెతికి చూసి అంది. చివర మా ఇద్దరి పేర్లు. తిరువొత్తియూరు అని నేనే చెప్పి, సంతకం పెట్టి, వీపు వంచకుండా బయటికి వచ్చాను.

తిరిగి వచ్చేటప్పుడు రైలు బేసిన్ బ్రిడ్జి దాటుతుండగా వ్యాసర్పాడి వైపు చూశాను. గుడిసెలున్న చోట్ల ఇప్పుడు గృహవసతి బోర్డువాళ్ల అంతస్తులు లేచాయి. ప్రతి గోడ మీదా దూరానికి కనబడేంత పెద్ద అక్షరాలతో నంబర్లు రాసి ఉన్నాయి. మా నంబరు కింద ఇక ఎవరూ లేరు, అక్కడ ఇంటింటికీ ఒక నంబరుంది. ఆమెకు కూడా ఒకటి వచ్చిందో లేదో, బతికుండగా ఒక్కసారైనా తన ఓటు తాను వేసిందో లేదో, జాబితాలో వెతికించవచ్చు, ఈ రోజుల్లో అది ఫోన్లో చూసుకునే పనే. చూద్దామని ఫోన్ తీశాను కూడా. పేరు టైపు చేయమని అడిగింది. మా ఇంటి ఇరవై మూడు పేర్లూ ఈనాటికీ వరుస తప్పకుండా చెప్పగలను. ఇరవై ఏళ్లు మా గోదాములో పనిచేసిన ఆమె పేరు మాత్రం మా ఇంట్లో ఎవరమూ ఎన్నడూ అడగలేదు.