వదిన తుడిచేసిన నీహారిక

మా వీధి చివర ఉండే స్టూడియో అన్నయ్య జీవితమంతా ఎదుటివాళ్ళ మొహాలతోనే గడిచిపోయింది. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్ళిళ్ళు, బడిపిల్లల గ్రూపులు. "గడ్డం కొంచెం పైకి" అని నిద్రలో కూడా కలవరిస్తాడని వదిన ఎగతాళి చేసేది. తీసేది ఆయన. కంప్యూటర్ ముందు కూర్చుని మొటిమలూ మచ్చలూ మాయం చేసేది ఆవిడ.

అన్నయ్యకి ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదీ మసకబారుతోందని, వచ్చే చలికాలం దాకా ఆగుతుందన్న నమ్మకం లేదని డాక్టరు చెప్పేశాడు. అప్పటినుంచి ఆయనకి ఒకటే పట్టుకుంది. ఆకాశంలో వేటగాడి చుక్కలున్నాయి చూడండి, ఆ నడుము కింద వేలాడే కత్తి దగ్గర వెలిగే మేఘంలాంటి నీహారిక ఒకటి ఉంది. ఉత్త కంటికి చిటికెడు పొగలా ఆనుతుంది, అంతే. పెళ్ళిళ్ళలో దూరం నుంచి మొహాలు పట్టే పొడుగు లెన్సుతో దాన్ని పట్టాలి. చూపు ఉండగానే దాని రంగు చూడాలి.

ఎలా తీస్తావన్నయ్యా అని అడిగితే ఓపిగ్గా చెప్పాడు. షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలైపోతాయి. అందుకని రెప్పపాటు ఫోటోలు వందలకొద్దీ తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చాలి. విడిగా కనపడని వెలుగు అన్నీ కలిస్తే తేలుతుంది.

ఆ చలికాలమంతా డాబా మీదే. లెన్సు మీద మంచు పడితే వదిన వాడే హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టేవాడు. చివరికి అన్నీ పేర్చాడు. బూడిద రంగులో ఏదో తేలింది. కన్ను అలిసిపోయి, అందులోని రంగు పొద్దున బయటికి లాగుదామని పడుకున్నాడు.

పొద్దున్నే వదిన స్టూడియో తెరిచింది. తెర మీద నల్లటి బ్యాక్‌గ్రౌండు, మధ్యలో మరక. లెన్సు మీది మంచు మచ్చేననుకుంది. ఆయన కంటికి శ్రమ తప్పిద్దామని శుభ్రంగా తుడిచి, సేవ్ చేసి, ఆ రోజు పెళ్ళికని, ఆ ఫోటోలున్న కెమెరా కార్డులన్నీ ఖాళీ చేసేసింది.

"చుక్కల జోలికి పోలేదండీ. మరక ఒక్కటే తీశాను," అని నేను వెళ్ళేసరికి అన్నయ్యతో అంటోంది.

"ఆ మరక కోసమేనే నేను..." అన్నాడు. తెరకి మొహం ఆనించి చాలాసేపు వెతికాడు. "బాగా తీశావు. ఎక్కడుండేదో కూడా తెలీట్లేదు" అన్నాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

ఎండలు ముదురుతున్నాయి. వేటగాడు రోజురోజుకీ పడమటికి వాలిపోతూ, చీకటి పడేసరికే ఇళ్ళ కప్పుల మీదికి దిగుతున్నాడు. మబ్బు విడిచిన సాయంత్రం ముగ్గురం డాబా ఎక్కాం. కెమెరా తెర మీద చుక్క చిన్నగా, కుదురుగా ఉందో లేదో అన్నయ్య కంటికి తెలియడం లేదు. ఫోకస్ రింగు వదిన తిప్పింది.

"చిన్నదైందా?"

"అయింది."

"ఇంకాస్త తిప్పు. పెద్దదవుతోందా?"

"ఆఁ, అవుతోంది."

"అయితే రింగు కాస్త వెనక్కి తిప్పు. ఇక బటన్ నొక్కుతూనే ఉండు."

వదిన నొక్కుతూనే ఉంది. కాసేపటికి "వచ్చిందా?" అన్నాడు. వచ్చిందని ఒక్క అబద్ధం ఆడడం ఆవిడకెంతసేపు?

"లేదండీ. గాలిలో అంతా దుమ్మే."

"నొక్కు."

వేటగాడి కత్తి ఉన్న చోటు ఎదుటి మేడ వెనక్కి దిగిపోయింది. నేను చూశాను, వదినా చూసింది. ఆవిడ వేలు ఇంకా నొక్కుతూనే ఉంది.

"ఉందా ఇంకా?" అన్నాడాయన.

వదిన వేలు ఆగింది. "పోయిందండీ" అంది.