పడుకున్న సొరచేప జోలికి రావద్దు

చేపల ప్రదర్శనశాలలో పెద్ద అద్దాల తొట్టి కడిగే ఆవిడని అందరూ బ్రష్షక్క అనేవారు. రబ్బరు దుస్తులు తొడుక్కుని, వీపున గాలి సిలిండరు కట్టుకుని, నీళ్ళలోకి దిగి అద్దానికి పట్టిన పాచి రుద్దడం ఆవిడ పని. పద్దెనిమిదేళ్ళుగా అదే పని, అదే సంతోషం. మనిషి మాత్రం మొండిఘటం. ఆ మాట మెచ్చుకోలుగానే అనాలి.

ఆవిడ భర్త రొట్టెల బట్టీలో రాత్రి పని చేసేవాడు. తెల్లారి ఇంటికొచ్చి పడుకుంటే, "పట్టపగలు ఏం నిద్రమ్మా!" అని వీధి వీధంతా మూతి తిప్పేది. ఒకసారి అక్క ఇంట్లో లేనప్పుడు మరిది వచ్చి, అన్నని తట్టి లేపి, రోజంతా సామాన్లు మోయించుకున్నాడు. ఆ రాత్రే పిండి కలిపే మిషన్లో ఆయన రెండు వేళ్ళు పోయాయి. అప్పటినుంచి తలుపుకి మందపాటి దుప్పటి వేలాడదీసింది అక్క. సెలవు రోజున గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేది. ఎవరు గట్టిగా పిలిచినా ఒంటికాలి మీద లేచేది.

ఆ తొట్టిలో గోధుమరంగు సొరచేప ఒకటి ఉండేది. పొద్దున పదింటికల్లా రాతి పక్కన ఇసుక మీద పొట్ట ఆనించి, కళ్ళు తెరుచుకునే పడుకునేది. అద్దం రుద్దే ముందు దాని మొప్పలు ఎన్నిసార్లు తెరుచుకుంటున్నాయో అక్క వేళ్ళ మీద లెక్కపెట్టేది. నెమ్మదిగా ఆడుతుంటే నిద్రలో ఉన్నట్టు. ఇంక ఆ మూల పని సాయంత్రానికే. అందుకే ఆ మూల అద్దం ఎప్పుడూ కాస్త పచ్చగా ఉండేది.

కొత్త మేనేజరుకి ఆ పచ్చదనమే ముందు కంటపడింది. ఆ తర్వాత, "లోపలిది చచ్చిపోయిందా ఏంటి?" అని చూడ్డానికొచ్చినవాళ్ళు అడిగారు. ఆయన పొడవాటి కర్ర ఒకటి తెప్పించి అక్క చేతికిచ్చాడు.

"రోజూ పదకొండింటికి జనం వచ్చేసరికి అది ఈదుతూ ఉండాలి. పైనుంచి ఒక్క పోటు చాలు."

"పడుకుంది సార్."

"కళ్ళు తెరిచే ఉందిగా?"

"దాని నిద్రే అంత."

"మరి ఆ బూడిదరంగు సొరచేపలు ఒక్క క్షణమైనా ఆగుతున్నాయా? వాటికి లేని బద్ధకం దీనికెందుకు?"

"అవి ఈదుతుంటేనే మొప్పల్లోకి నీళ్ళు పోతాయి సార్. ఆగితే ఊపిరాడదు. ఇది ఉన్నచోటే నోటితో నీళ్ళు లాక్కుంటుంది, ఈదక్కర్లేదు. దేని తీరు దానిది. మా ఆయన్నీ ఇలాగే అనేవాళ్ళు."

"మీ ఆయనకీ చేపకీ ఏంటమ్మా సంబంధం?"

"ఇద్దరికీ లేపేవాళ్ళు ఎక్కువ సార్."

అక్క కర్రని గోడకి ఆనించేసింది. మేనేజరు పంపు నడిపే ఆయన్ని పిలిచి పొడవమంటే ఆయన నీళ్ళు నమిలాడు. మధ్యాహ్నానికల్లా ఎందుకు లేపలేదో రాసివ్వమని అక్కకి కాగితం వచ్చింది. "నిద్రపోతోంది కాబట్టి" అని రాసి సంతకం పెట్టింది.

సాయంత్రం ఇంట్లో భర్త గోల పెట్టాడు. "ఒక్క పోటు పొడిస్తే ఏం పోతుందే?"

అక్క ఆయన కుడిచేతి వంక చూసింది. "ఏం పోతుందో నీకు తెలీదూ?"



మర్నాడు ఆవిడని నీళ్ళ పనిలోంచి తీసి, గేటు దగ్గర టికెట్లు చింపే పనిలో వేశారు. రబ్బరు దుస్తులు కొక్కేనికి తగిలిస్తుంటే ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చింది కూడా. తర్వాత మొహం కడుక్కుని గేటు దగ్గరికి వెళ్ళి, టికెట్ చింపిన ప్రతివాళ్ళకీ ఒకటే మాట చెప్పింది.

"మూల అద్దం దగ్గర ఒకావిడ పడుకుని ఉంటుంది. కళ్ళు తెరిచే ఉంటుంది, మీరేం కంగారుపడకండి. మొప్పలు లెక్కపెట్టండి. చప్పుడు చేశారో, నేనే వచ్చి బయటికి పంపిస్తా."

పంపే అధికారం ఆవిడకి లేదు. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నాలుగో రోజు పదకొండింటికి మేనేజరు తానే కర్ర పట్టుకుని తొట్టి పైకి ఎక్కాడు. ఇనుప మెట్ల మీద బూట్లు ధనధనా మోగాయి. కింద మూల అద్దం ముందు ముప్ఫై మంది వేళ్ళ మీద లెక్కపెడుతున్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన తలెత్తి పెదాల మీద వేలు పెట్టాడు.

"ఉష్! మెల్లగా నాయనా, పడుకుంది."

ముప్ఫై తలలూ పైకి లేచాయి. మేనేజరు చేతిలో కర్ర అలాగే ఉండిపోయింది. కాసేపటికి బూట్లు విప్పి, చేత్తో పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు.

మేజోళ్ళతోనే, కర్ర చంకన పెట్టుకుని గేటు దాకా వచ్చిన ఆయన్ని చూసి అక్క చెయ్యి చాపింది.

"ఆ కర్ర ఇటివ్వండి సార్. చివర బ్రష్షు కట్టుకుంటే పై అద్దం అందుతుంది. రేపటినుంచి నీళ్ళలోకి నేనే దిగుతా. ఆ మూల మాత్రం సాయంత్రమే."