పచ్చ తలుపుకు ఇవతల

ఆర్కల్టన్ ఊరి పాదిరీ గారి ఇంటిని విక్టోరియా రాణి కాలంలో కట్టిన మహానుభావుడికి పనివాళ్ల ముఖం చూడటమే గిట్టేది కాదు కాబోలు. బయటికి ఎర్ర ఇటుక గోడలు, కోసుగా లేచిన కప్పులు, పొడవాటి పొగగొట్టాలు, చర్చికి ఉన్నట్టే మొన తేలిన కిటికీలు. లోపల మాత్రం ఒకే కప్పు కింద రెండిళ్లు. మధ్యన పచ్చగుడ్డ తొడిగిన తలుపు. అటు రంగుపెంకులు పరిచిన హాలు, వెడల్పాటి ఓకు చెక్క మెట్లు. ఇటు వంటగది, గోడ పొట్టలో మెలికలు తిరిగే ఇరుకు మెట్లు. వేడినీళ్లయినా బొగ్గులయినా బూడిదయినా ఈ మెట్ల మీదే తిరగాలి. మోసేవాళ్లు ఎవరి కంటా పడకూడదు.

అలా కంటపడకుండా చిన్నతనం నుంచీ మోస్తున్నది కెజయా టిడ్‌మార్ష్. ఇప్పుడు యాభై దాటాయి, కుడి మోకాలు మొరాయిస్తోంది. సంగతి బయటపడితే పని పోతుంది. పనితోపాటే అటక మీది గదీ పోతుంది. ఇక మిగిలేది దిక్కులేనివాళ్లను పడేసే బీదలశాలే. అందుకే ఇంట్లోవాళ్లు లేవకముందే నీళ్ల బిందెను పైమెట్టు మీద పెట్టుకుంటూ, కూర్చున్నట్టే ఒక్కో మెట్టూ వెనక్కి జరుగుతూ ఎక్కేది.

"ఎన్నాళ్లు దాస్తావే? అమ్మగారికి చెప్పి చావు," అంది వంటమనిషి మార్తా.

"చెప్పి ఎక్కడికి పోను? నీ రొట్టెల పొయ్యిలో పడుకోనా?"

ఒకనాడు బిందె జారనే జారింది. నీళ్లు మెట్లు దిగి, పచ్చ తలుపు కింద నుంచి హాల్లోకి పాకాయి. కొత్త పాదిరీ భార్య లిడ్‌గేట్ అమ్మగారు తలుపు తోసుకుని వచ్చింది. అంతవరకూ ఆమె ఇవతల అడుగు పెట్టి ఎరగదు. కెజయా మెట్ల మీద కూలబడి ఉంది.

"ఒళ్లు కాలిందా?"

"లేదమ్మగారూ. మోకాలు కాస్త... రేపటికల్లా సర్దుకుంటుంది."

అబద్ధమని కెజయా ముఖమే చెబుతోంది. అమ్మగారు గౌను ఎత్తిపట్టుకుని తానే ఆ మెట్లెక్కసాగింది. రెండో మలుపులో నెత్తి దూలానికి కొట్టుకుంది.

"మేకలు ఎక్కాల్సిన మెట్లు ఇవి," అంటూ తల రుద్దుకుంటూ దిగింది. "రేపట్నుంచి ముందు మెట్ల మీద ఎక్కు."

"వద్దమ్మగారూ, ఊళ్లో నవ్విపోతారు."

"నవ్వనీ. మాకు నీళ్లన్నా వేడిగా అందుతాయి."

మర్నాడు కెజయా నీళ్ల బిందెతో బితుకుబితుకుమంటూ ఓకు మెట్లెక్కింది. సగం ఎక్కేసరికి పైనుంచి పాదిరీ గారు దిగుతున్నారు. యజమాని ఎదురైతే పనివాళ్లు గోడవైపు తిరిగి తలవంచుకు నిలబడాలి. తిరగబోయింది, మోకాలు తిరగనివ్వలేదు.

ఈలోగా పాదిరీ గారే గోడకు అతుక్కుపోయి దారిచ్చారు.

"ముందు నువ్వెక్కమ్మా. నాకేం తొందర లేదు."

కెజయాకు ఏడుపు ముంచుకొచ్చింది. నీళ్లు తొణక్కుండా ఆయన ముందు నుంచే పైకెక్కింది.