తుండుగుడ్డ కింద మూడు పెట్టెలు

జువ్వలదిన్నెలో మా చర్చి సంఘానికి మైకు చూసే అన్న ఏ యంత్రాన్నీ కంటితో చూసి మెచ్చుకునేవాడు కాదు. "కన్ను లంచం తింటాది. చెవి తినదు" అనేవాడు. దేవుని వాక్యంలో చూపులేని ముసలి తండ్రి, చెవి సరిగ్గా పోల్చిన చిన్నకొడుకు గొంతును కాదని, పెద్దవాడిలా తోచాలని మేకతోలు చుట్టుకున్న వాడి చేతిని తడిమి నమ్మి మోసపోయిన సంగతి ఆయనకు మహా ఇష్టం.

ముందు వరుసలో కూర్చునే మామ్మకు ఏడాదిగా పాటలు సరిగ్గా వినిపించడం లేదు. ఆమె కోసం అన్న హెడ్‌ఫోన్‌లో శబ్దం పెంచే ఆంప్లిఫయర్ పెట్టెలు మూడు రకాలు తెచ్చి, వాటి మీద తుండుగుడ్డ కప్పి, మేము కిందటి ఆదివారం పాడిన పాట రికార్డింగునే ఒక్కొక్కదానిలో వినిపించాడు.

"మొదటిది గుయ్యిమంటుండాది. రెండోది దుప్పట్లోంచి పాడినట్టుండాది" అంది మామ్మ. మూడోది పెట్టగానే ఆమె మొహం విప్పారింది. "అన్నీ ఇనపడతుండాయి నాయనా! తబలా, చప్పట్లు... ఎవురో శ్రుతి తప్పి అరస్తుండాడు గూడా!"

ఆ గొంతు అన్నదే. ఆయన వైపు చూడకుండా ఉండటానికి మేము నానా తంటాలు పడ్డాం. అన్న చెవులు ఎర్రబడ్డాయి.

"ఇదొక్కటే ఉన్నదున్నట్టు చెప్పింది" అంటూ మూడోదాన్నే ఆమె కుర్చీకి బిగించాడు.

తర్వాతి ఆదివారం ఆరాధనలో అన్న పెదవులు మాత్రమే కదిపాడు. రెండో చరణంలో మామ్మ హెడ్‌ఫోన్ తీసి ఆయన వైపు తిరిగింది.

"అబ్బయా, ఆ శ్రుతి తప్పే గొంతు ఇనపడటంలా. పెట్టె చెడిపోయిందేమో చూడు."

అన్న గొంతెత్తాడు. దేవునికి స్తోత్రం, పెట్టె బాగానే ఉంది.