అక్క ఊ కొట్టిన దీపం

నా కథలకు ఓపిగ్గా ఊ కొట్టేది మా అక్క ఒక్కతే. నల్లమల పులి ఆళ్లగడ్డ బస్సెక్కి కిటికీ పక్కన సీటు అడిగిందని చెబితే, "ఊఁ... తోకకు లగేజీ టికెట్టు కొట్టలేదా రా?" అనేది.

పక్షవాతంతో ఆమెకు మాట పోయింది. చూపుడువేలు అప్పుడప్పుడు కదిలేది. మన మాటలు ఆమెకు చేరుతున్నాయో లేదో డాక్టర్లు తేల్చి చెప్పలేదు. నంద్యాలలో తూకం యంత్రాల ఎలక్ట్రానిక్ బోర్డులు బాగుచేసుకుని బతికే నేను, ఆ వేలికి ఒక పని కల్పించాను. వేలి కింద స్విచ్చి, దానికొక చిన్న బోర్డు. నా చేతిలో మీట, దీపం ఉన్న ఇంకో బోర్డు. కథ మధ్యలో ఆగి నేను మీట నొక్కితే "వింటున్నావా" అని అటు పోతుంది. అక్క స్విచ్చి నొక్కితే ఇటు దీపం వెలుగుతుంది. ఆ రెండు బోర్డులూ తీగ మీద మాట్లాడుకోవడానికి కావలసిన ప్రోగ్రాము, మా భాషలో లైబ్రరీ, నేనే రాశాను. బయట దొరికేవేవీ ఆ బుల్లి చిప్పులో పట్టలేదు.

మొదటి రోజే వెలిగింది. విగ్రహాలు చెక్కే మా బావ ఉలి పారేసి పరుగెత్తుకొచ్చాడు.

"సూడప్పా, ఊ కొడతాంది! ఇంగా చెప్పు, నిలపాకు!"

ప్రతి ఆదివారం ఆళ్లగడ్డలో వాళ్లింటికి వెళ్లి, కథలో పులిని తిరుపతి దాకా తీసుకుపోయాను. అడిగినప్పుడల్లా దీపం వెలిగింది. బావ మళ్లీ గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు.

బోర్డులు పెట్టిన డబ్బా పగిలితే, కొత్తది బిగిద్దామని వాటిని నంద్యాల తెచ్చాను. అక్క స్విచ్చి ఇంకా తగిలించనే లేదు, చెయ్యి తగిలి మీట నొక్కుకుంది. దీపం వెలిగింది. మళ్లీ నొక్కాను. మళ్లీ వెలిగింది.

మాట అందగానే "చేరింది" అని అవతలి బోర్డు తనంతట తానే జవాబిచ్చేలా లైబ్రరీలో రాసింది నేనే. ఇవతల ఆ జవాబునే అక్క నొక్కినట్టు లెక్కేసి దీపం వెలిగేలా రాసిందీ నేనే. ఇన్నాళ్లూ నా పులికి ఊ కొట్టింది నా రాతే.

సరిచేసి తీసుకెళ్లాను. పులికి గుండు కొట్టించి, ఆగి, మీట నొక్కాను. అక్క కళ్లు పైకప్పు మీద. వేలు స్విచ్చి మీద. చాలాసేపు చూశాను.

"ఏమప్పా, ఈ పొద్దు ఎలగలే?"

"యాడో తీగ ఊడినట్టుంది బావా."

నా మాట ఒక్కటీ ఏనాడూ నమ్మని మనిషి, దీన్ని వెంటనే నమ్మాడు. టార్చి తెచ్చి, మంచం కింద నేల మీద బోర్లా పడుకుని నాకు వెలుగు పట్టాడు.

"నిదానంగా యెతుకప్పా. మీ అక్క కత కోసం కాసుకోనుంటాదిలే."