సరోజక్క తిన్న మొదటి ముక్క

పొద్దున్నే బేసినులో ఉప్పునీళ్ళు కలిపి వంకాయలు, కీర దోసకాయలు వేస్తే వంటగదిలో ఒక పచ్చి వాసన లేస్తుంది. తడిసిన ముచ్చికల వాసన అది. ముక్కుకు తగలగానే నాకు సరోజక్క గుర్తుకొస్తుంది. మురుంగపాక్కంలో మేము మేడమీద అద్దెకుండేవాళ్ళం, ఆమె కింది వాటాలో ఉండేది. చుట్టూ తమిళమే మాట్లాడే బాహూరులో తరాలుగా సేద్యం చేసుకున్న తెలుగు కుటుంబం ఆమెది. భర్త పోయాక పొలం తమ్ముడి చేతిలో పెట్టి, టౌనులో ఉద్యోగం చేసే కూతురి దగ్గరికి వచ్చేసింది. తెలుగు చదవడం రాదు కానీ, మాట్లాడడం మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు.

పదేళ్ళ కిందట నేను కడుపుతో ఉన్నాను. అంతకు ముందొకటి నిలవలేదు. ఆ భయానికి తోడు కూరగాయల మీద పురుగుమందుల గురించి ఫోనులో వచ్చిన వీడియోలన్నీ చూసి ముందు ఆకుకూరలు మానేశాను, తర్వాత బెండకాయ, ఆ తర్వాత కాలీఫ్లవర్. చివరికి పెరుగన్నం, అప్పడం మిగిలాయి. కదిర్కామంలో ఆసుపత్రికి వెళితే డాక్టరమ్మ పరీక్ష కాగితం చూసి, రక్తం బాగా తగ్గిందని, ఇలాగే ఉంటే బిడ్డ ఎదగదని గట్టిగా మందలించింది. తింటే మందు, తినకపోతే రక్తం లేదు. ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటే ఏమిటో ఆ రోజు తిరుగు బస్సులో తెలిసింది.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. పురుగు బతికిందంటే ఆ కాయకు మందు కొట్టలేదనేగా అర్థం? బజారులో అందరూ నిగనిగలాడే వంకాయలు ఏరుకుంటుంటే నేను బొక్కలున్నవి ఏరి, సంచి తెచ్చి గొప్పగా సరోజక్కకు చూపించాను.

ఆమె ఒక కాయ తిప్పి చూసి నవ్వింది. "ఏంది పాపా, యాడ నేర్చినావు ఈ తెలివి? పురుగు పడినాకే గదా మేము మరుందు కొట్టేది."

మరుందు అంటే మందే. నవ్వు ఆగాక మెట్టు మీద కూర్చుని ఇంకో మాట చెప్పింది. "కొట్టినాక కొన్ని దినాలు కోయకూడదు. అది మాకు తెలుసు. బండి వస్తా ఉండాదంటే మర్నాడే కోసి పంపిస్తా ఉంటిమి. మా ఇంటికి మాత్రం గట్టు పక్కన ఒక సాలు. దానికి కొట్టేది ల్యా."

"మరి మేము తిన్నది?" అన్నాను.

"మీరు తిన్నది మేము కొట్టిందే."

నాకు ఒళ్ళు మండింది. సంచి అక్కడే వదిలేసి మేడెక్కాను. నిలవని ఆ కడుపుకూ వంకాయలకూ సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు. అయినా నా కోపమంతా ఆమె మీదకే పోయింది. రెండు రోజులు మాట్లాడలేదు.

మూడో రోజు పొద్దున అదే బజారులో కొన్న వంకాయలు బేసినులో వేసుకుని ఆమే పైకి వచ్చింది. "కోపం ఉంటే ఉండనీ. తిండి మానొద్దు" అంటూ నా వంటగదిలో కొళాయి తిప్పింది. కోయకముందే ఒక్కో కాయనూ పారే నీళ్ళ కింద బొటనవేలితో రుద్దింది. ఉప్పునీళ్ళలో కాసేపు ఉంచి, మంచినీళ్ళతో మళ్ళీ రెండుసార్లు కడిగింది. ముచ్చికలు తీసి పారేసింది. మందు జారి వాటి కిందే నిలుస్తుందని కొట్టిన చేతులకు తెలుసు. నేను గిన్నెలు తోమే సబ్బు అందించబోతే చేతిమీద ఒక్కటి వేసింది. తాలింపులో వేసేదేగా అని నేనెన్నడూ కరివేపాకు కడిగినదాన్ని కాదు. ఆమె రెబ్బ రెబ్బా కడిగింది.

"అంతా పోతుందా అక్కా?" అని అడిగాను.

"పోదు. పైదే పోతాది, లోపలికి దిగింది యాడ పోతాది? నీకు అబద్ధం ఎందుకు చెప్పేది. మన చేతనైంది చేసేది, ఆపైన భయపడకుండా తినేది."

కూర దించాక ముందు నాకు పెట్టలేదు. ఒక ముక్క తన నోట్లో వేసుకుంది. అమ్మిన పంటను ఒక్కనాడూ తన ఇంట్లో వండని మనిషి, నెమ్మదిగా నమిలి, మింగి, "ఇంక నువ్వు తిను" అంది. నెలల తర్వాత నేను తిన్న కూర అది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఇంకో గరిటె వేసుకున్నాను.

నెమ్మదిగా రక్తం పట్టింది. నెలలు నిండి మా అమ్మాయి బొద్దుగా పుట్టింది. అంతా ఉప్పునీళ్ళ మహిమేనని చెప్పను గానీ, ఆ రోజు గుండెల మీది బరువు దిగిపోయింది. సరోజక్క బిడ్డను ఎత్తుకుని చిట్టి వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసింది. ఆ తర్వాత ప్రతి కోతకూ తమ్ముడికి ఫోను చేసి, "కొట్టి ఎన్ని దినాలయింది?" అని గద్దించడం మేడమీదికి వినపడేది.

ఆమె పోయి రెండేళ్ళయింది. వంటలో మొదటి ముక్క నేను తిన్నాకే పిల్లకు పెట్టడం నాకు అలవాటైపోయింది. ఈ పొద్దున దోసకాయ చెక్కు తీసి తరుగుతుంటే, మా అమ్మాయి వెనక నుంచి చేయి చాచి మొదటి ముక్క తీసి నోట్లో వేసుకుంది. కరకరా నములుతూ బడి సంచి వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. ఆపుదామని నోరు తెరిచి, మానుకున్నాను. రెండో ముక్క నేను తిన్నాను.