అన్న తెచ్చిన రొట్టె పళ్ళెం

అమీర్‌పేటలో ఖాళీ గోడ కనిపిస్తే చాలు, కోర్సుల పోస్టర్ అంటించే రోజులవి. మా అన్నా నేనూ కలిసి అక్కడొక మేడ మీద కంప్యూటర్ క్లాసులు నడిపేవాళ్ళం. పాఠం చెప్పేది నేను, పిల్లల్ని చేర్పించేది అన్న. ఒక ఉదయం వెళ్ళేసరికి నా బోర్డు ముందు ఎవరో కొత్తాయన నిలబడి ఉన్నాడు. నాకు పెళ్ళి కుదిరిందనీ, ఇక రాననీ అన్న ముందు రోజే అందరికీ చెప్పేశాడట. ఆ కొత్తాయన పేరుకు గిరాకీ ఎక్కువ, అంతే సంగతి. పెళ్ళీ లేదు, పెళ్ళికొడుకూ లేడు. ఒళ్ళు మండిపోయింది. అంతమంది చూస్తుండగానే మెట్లు దిగి వచ్చేశాను. ఆ రోజు నుంచి అన్నతో మాటలు బంద్.

అన్న అప్పటికే వదినతో శ్రీనగర్ కాలనీలో వేరుగా ఉండేవాడు. అమ్మా నేనూ బోరబండలో. కానీ చర్చి మాత్రం అందరికీ పంజాగుట్టలోనే. అక్కడ నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసును తలచుకొని అందరూ రొట్టె పంచుకునే ఆరాధన. ఇంట్లో కయ్యం పెట్టుకొని ఆ రొట్టె ముట్టకూడదని అమ్మ మాకు చిన్నప్పటి నుంచీ చెప్తూ వచ్చింది. గొడవైన తర్వాతి నెల రొట్టె పళ్ళెం దగ్గరికి వస్తే చేతులు కట్టుకొని కూర్చుంది. రొట్టె తీసుకోలేదంటే మా దగ్గర ఏదో పాపం చేసినట్టే లెక్క. వెనక చాపల మీద ఒకటే గుసగుసలు. మా అమ్మను అలా చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

ఆ పై నెల కూడా అమ్మ పొద్దుటి నుంచి ఏమీ తినకుండా చర్చికి తయారైంది.

"ఇయ్యాల సుత నేను ముట్ట. మీరిద్దరు మాట్లాడుకోకుంటె నా చెయ్యి ఎట్ల పోతది?"

"తప్పు చేసింది వాడు. నేనెందుకు పోవాలె?"

"నిన్ను పొమ్మన్ననా? నా సంగతి చెప్తున్న."

ఆ రోజు ఆడవాళ్ళ వైపు పళ్ళెం పట్టే వంతు అన్నకే పడింది. మా ముందు వరసలో హాస్టల్ అమ్మాయిలు, నా దగ్గర చదివినవాళ్ళే. వాళ్ళను దాటి అన్న మా ముందుకొచ్చి పళ్ళెం వంచాడు. అమ్మ చేతులు కదల్లేదు.

"తీసుకో అమ్మా."

"మీరు మాట్లాడుకున్ననాడు తీసుకుంట."

చుట్టూ అందరూ పాడుతున్న పాట ఆగిపోయింది. అన్న నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఇంటికాడ మాట్లాడుదం చెల్లె."

"అబద్ధం ఇంటికాడ ఆడినవా? వాళ్ళకు చెప్పు."

నా గొంతు హాలంతా వినబడింది. అన్న పళ్ళెం కింద పెట్టి వెళ్ళిపోతే అమ్మకు కొడుకే లేకుండా పోతాడని భయం పట్టుకుంది.  అన్న పళ్ళెం పట్టుకొనే ఆ అమ్మాయిల వైపు తిరిగాడు.

"మా చెల్లె పెండ్లి అని చెప్పింది అబద్ధం. తప్పు నాదే." మళ్ళీ నాతో, "మాఫ్ చెయ్యి చెల్లె" అన్నాడు.

"సరే అన్నా" అన్నాను.

అమ్మ వెంటనే ఒక ముక్క తీసుకుంది. పళ్ళెం నా ముందుకొచ్చింది. ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే కాచుకున్నాను. తీరా విన్నాక నా కోపం ఇసుమంతైనా కదల్లేదు. పైగా ఇంకా పెరిగినట్టుంది. తల అడ్డంగా ఊపాను. అన్న పళ్ళెం పట్టుకొని పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు.

అందరికీ అందాక, ప్రార్థన చేసి అందరం ఒకేసారి తినడం మా అలవాటు. అరచేతిలో రొట్టెతో అమ్మ నా ఖాళీ చేతుల వైపు చూసింది.

"మాట్లాడిన గదమ్మా. కానీ కోపం పోతలేదు. లోపల గిది పెట్టుకొని ఎట్ల తినాలె?"

అమ్మ తన చిన్న ముక్కనే రెండుగా విరిచి, ఒకటి నా చేతిలో పెట్టింది.

"వాని మీద నాది సుత పోలే బిడ్డా. తిను."